రెండో గాడి, నాలుగో గాడి

నాలుగో రీలులో నవ్వు మధ్యలో ఆగిపోయింది.
నాయిక నోరు తెరిచే ఉంది,
గొంతు మాత్రం తెర వెనకాల ఎక్కడో ఇరుక్కుంది.
మౌసు బాణం చక్రమై తిరిగింది, తిరిగింది.
ముప్పై ట్రాకులు. రెండు వానలు, ఒక రైలు,
కోడంబాకం గదిలో డబ్బింగ్ చెప్పిన ఆరుగురి ఊపిర్లు.
అన్నిటినీ ఎనిమిది జీబీల్లో కూర్చోబెట్టాను.
షేర్ ఆటో ఎక్కినట్టే ఎక్కాయి పాపం,
ఒకరి ఒళ్ళో ఒకరు.

శుక్రవారానికి ఇచ్చెయ్యాలి.

మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్.
వైర్ల చుట్టలు దాటి, కాలవ దాటి,
సమోసాల నూనె వాసనలో నిలబడి
ఇంకో రెండ్రోజులు గడువివ్వమని
ఫోన్లో ఎవరినో తెలుగులో బతిమాలుకుంటుంటే
మెట్ల కింద కొట్టులోంచి ఒక గొంతు:
"ఏం కావాలక్కా?"
చెంగల్రాయులు. రోజూ సూళ్ళూరుపేట లోకల్లో వస్తాడట.

పాతదాని పక్కన పదహారుది ఒకటి పెట్టుకుంటానన్నాను.
ఎనిమిదీ పదహారూ ఇరవై నాలుగు,
డబ్బు సగం. లెక్క ఇంట్లోనే వేసుకొచ్చాను.
అతను నా పచ్చముక్కని ట్యూబులైటుకి ఎత్తి
స్టిక్కర్ చదివాడు.
"దీని వేగం ఇరవై నాలుగొందలు. దానిది ముప్పై రెండొందలు.
కోడెనీ ముసలెద్దునీ ఒక కాడికి కడితే
నాగలి ఎవరి నడకన సాగుద్ది, మీరే చెప్పండి."
పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పుట్టినదాన్ని,
నాగలిని దగ్గరగా చూసింది లేదు.
అయినా చెప్పగలిగాను.

లైట్లు వెలిగేవి చూపించాడు, రంగులు పాకుతున్నాయి.
"ఇవి వేగం పెంచవు, ధర పెంచుతాయి"
అని తనే లోపల పెట్టేశాడు.
వీపు ఎత్తుగా ఉన్నవి ఫ్యాను కింద పట్టవన్నాడు.
చివరికి నల్లగా, పొట్టిగా,
ఒకే అట్టపెట్టెలో ఉన్న రెండు.
పోయిన నెల కన్నా రెండు వేలు ఎక్కువ.
ఇదేమన్నా బంగారమా అంటే
"అంచున కాస్త ఉంది గదక్కా" అని నవ్వాడు.

రాత్రి సీపీయూని పక్కకి పడుకోబెట్టి
కిటికీ ఊచ ముట్టుకుని ఒంట్లో కరెంటు దింపుకుని
రెండో గాడి, నాలుగో గాడి.
బొటనవేళ్ళతో నొక్కితే
మెటికలు విరిచినట్టు టక్కుమంది.
సెట్టింగుల్లోకి పోయి వేగం విప్పాలి, మర్చిపోవద్దన్నాడు.
విప్పకపోతే కొత్తవి కూడా
పాత నడకే నడుస్తాయట.

పరీక్ష పెట్టి పడుకున్నాను.
మూడింటికి లేచి చూస్తే ఒక్క ఎర్ర గీత.
కోట్ల గళ్ళలో ఒకే ఒక్క గడి
సున్నా చెప్పమంటే ఒకటి చెప్పింది.
ఇంకెవరైనా అయితే వదిలేద్దురు.
'శ' అనమంటే 'స' అనేవాళ్ళ ముందు కూర్చుని
ఇంకొక్కసారి అమ్మా, ఇంకొక్కసారి,
అంటూ పదకొండేళ్ళు గడిపినదాన్ని.
ఎలా వదలను?

ఫోటో చూసి చెంగల్రాయులు వాదించలేదు.
చెడింది ఒకటే అయినా జతంతా మార్చాడు.
కొత్త పెట్టె వచ్చేలోపల
నా పాత పచ్చముక్క అంచుని
పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫని ఊది,
"పారెయ్యకండి, దీనికీ ఎక్కడో జత దొరుకుద్ది" అన్నాడు.
ఎన్ని గొంతులు కోశానో దాని మీద, ఎన్ని అతికించానో.
"దీనికేమన్నా గుర్తుంటుందా?" అడిగాను, చిన్నపిల్లలా.
"కరెంటు తీస్తే ఏమీ ఉండదక్కా.
అందుకే ఎవరికైనా అమ్మొచ్చు."
అమ్మలేదు. సూదులూ బొత్తాలూ ఉండే డబ్బాలో వేశాను.
ఎందుకో అడగొద్దు.

ఈ రాత్రి ఎర్ర గీత లేదు.
నాలుగో రీలు.
నవ్వు మొదలైంది, ఆగలేదు,
ఆవిడ పెదాలు మూసుకున్నాక కూడా
అర క్షణం సాగింది.
నేనే ఆపి, వెనక్కి తిప్పి,
తోక కత్తిరించాను.